తగినంత ఎంత?

వంటల పేజీలు చదివేవారికి 'ఉప్పు తగినంత' అనే మాట కొత్త కాదు. పిండి ఇంత, పంచదార ఇంత అని లెక్క చెప్పిన ఇల్లాలు కూడా ఉప్పు దగ్గరకు వచ్చేసరికి 'తగినంత' అని తప్పుకుంటుంది. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక ఆ మాటంటే నాకు ముచ్చటే. చిటికెడు, చారెడు, పిడికెడు, దోసెడు అంటూ మన కొలతలు చేతిలోంచి పుట్టినవే. చెయ్యి ఉన్నంతకాలం కొలతా ఉంటుంది. మరి ఆ చెయ్యే వెళ్ళిపోతే?

ఈ ప్రశ్న నాకు మన దేశంలో తట్టలేదు. తైవాన్ రాజధాని తైపేలో, ఒక హోటలు వంటగది అద్దం ముందు నిలబడి ఉండగా తట్టింది.

మా అక్కయ్య కొడుకు అక్కడ చదువుకుంటున్నాడు. వాణ్ణి చూడటానికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. "తైపే దాకా వచ్చి దిన్ తాయ్ ఫంగ్‌లో తినకుండా పోతారా మామయ్యా!" అంటూ వాడు మమ్మల్ని తైపే 101 అనే మహాసౌధానికి తీసుకుపోయాడు. 508 మీటర్ల ఆ మేడ 2004 నుంచి కొన్నేళ్ళపాటు ప్రపంచంలోకెల్లా ఎత్తయినదిగా పేరు మోసింది. జనం పైకి పోతూంటే మేం మాత్రం నేలమాళిగలోకి దిగాం. వాకిట్లోనే చేతికి ఒక నంబరు చీటీ ఇచ్చారు. మా నంబరు వచ్చేదాకా కాచుకోవాలన్నమాట.

కాలక్షేపానికి మాత్రం లోటు లేదు. వంటగదికి గోడకు బదులు అద్దం. లోపల తెల్లని బట్టలు, టోపీలు, మూతికి గుడ్డలతో వంటవాళ్ళు ఆపరేషను చేసే డాక్టర్లలా ఉన్నారు. ఒకతను పిండిముద్ద తుంచి తూస్తున్నాడు. ఒకతను చిన్న కర్రతో ఒత్తుతున్నాడు. మరొకతను మధ్యలో కూర పెట్టి, అంచును చీర కుచ్చిళ్ళలా మడిచి మూతి బిగిస్తున్నాడు. పై తొడుగు 5 గ్రాములు, లోపలి కూర 16 గ్రాములు, వెరసి 21. మడతలు 18. అదీ అక్కడి శాసనం. పేరు షియావ్‌లుంగ్‌బావ్. షియావ్‌లుంగ్ అంటే ఆవిరి మీద పెట్టే చిన్న వెదురుబుట్ట. బావ్ అంటే మూట.

ఇంతా చేసి ఇది వంటవాడు పెట్టిన హోటలు కాదు సుమండీ. యాంగ్ బింగ్‌యీ అనే ఆయన 1948లో చైనాలోని షాన్‌షీ నుంచి పొట్ట చేత పట్టుకుని తైవాన్ చేరాడు. నూనె దుకాణంలో పనికి కుదిరి, 1958లో భార్యతో కలిసి సొంతంగా నూనె కొట్టు పెట్టాడు. డబ్బా నూనెలు వచ్చి ఆయన బేరాన్ని దెబ్బ తీశాయి. 1972లో ఒక మిత్రుని సలహా మీద కొట్టులో సగభాగంలో ఈ మూటలు అమ్మడం మొదలుపెట్టాడు. అవి షాంఘై వైపు వంటకం. ఆయన పుట్టిందేమో ఉత్తరాన. నూనె పోయింది, మూటలు నిలిచాయి. 1993లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రపంచంలోని పది మేటి హోటళ్ళలో దీన్ని చేర్చింది. ఆయన 2023లో, 96వ ఏట కన్నుమూశాడు. అయినా మడతలు నేటికీ 18.

మా నంబరు వచ్చింది. బుట్ట మూత తియ్యగానే ఆవిరిలో పది మూటలు. ఒకదాన్ని చెంచాలో పెట్టుకుని, పక్కన చిన్న గాటు పెట్టి, ముందు రసం జుర్రుకోవాలని మా మేనల్లుడు పాఠం చెప్పాడు. అంత పలచని తొడుగులో రసం ఎలా నిలిచిందంటారా? మాంసపు రసాన్ని చల్లార్చి, జున్నులా గడ్డ కట్టించి కూరలో కలుపుతారు. ఆవిరి తగలగానే అది కరిగిపోతుంది. సన్నగా తరిగిన అల్లం, పులుపునీళ్ళతో తింటే అమోఘం. లోపలిది పందిమాంసమని తెలిసి మా ఆవిడ బుట్టను నా వైపు జరిపేసింది. ఆమె శాకాహారి. పుట్టగొడుగులూ ఆకుకూరా కూరినవి తెప్పించుకుంది. ఆఖర్న ఎర్రగింజల తీపిముద్ద పెట్టిన ఉండలు వస్తే, "ఇది మన పూర్ణమేనండీ!" అంది సంబరంగా.

కాస్సేపాగి ఆమే అంది: "అత్తయ్యగారి చేతిని కూడా ఎవరైనా ఇలా తూచి పెడితే బాగుండేది."

మా అమ్మ కజ్జికాయలకు పెట్టింది పేరు. అచ్చు వాడేది కాదు. అంచును వేళ్ళతో తాడు పేనినట్లు చుట్టేది. నూనెలో ఒక్కటీ విచ్చుకునేది కాదు. కొబ్బరి ఎంత, బెల్లం ఎంత అని కోడలు ఎన్నిసార్లడిగినా, "చేతికి తెలుస్తుందమ్మాయ్" అనేది. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఈ నాలుగు పండగలకూ మా ఇంట్లో కజ్జికాయలు అచ్చులోంచే వచ్చాయి, నూనెలో నోళ్ళు తెరిచాయి. అమ్మ పద్ధతి కొంత పట్టుబడింది మా అక్కయ్యకే. ఆమెకూ అరవయ్యేళ్ళు దగ్గరపడ్డాయి; వేళ్ళకు కీళ్ళనొప్పులు.

కొలత అంటే చేతి మీద అపనమ్మకమని ఇన్నాళ్ళూ మనవాళ్ళు అంటూంటే విన్నాను. ఆ అద్దం వెనక చూసింది వేరు. తన తర్వాత వచ్చేవాళ్ళను ఒట్టి చేతులతో వదలకపోవడమే కొలత. కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి. త్రాసు పిండినే తూస్తుంది, మడత వెయ్యలేదు. ఆ పద్ధెనిమిది మడతలూ వేలికి రావాలంటే, తెలిసిన వేళ్ళ పక్కన తెలియని వేళ్ళు చాలాకాలం కూర్చోవాలి.

ఆ రాత్రే మా ఆవిడ అక్కయ్యకు ఫోను చేసింది. "వదినగారూ, ఈసారి పండక్కి మీరు మా ఇంటికే రావాలి. మీరు కలుపుతూంటే నేను త్రాసు పెట్టుకుని పక్కనే కూర్చుంటాను."

అవతల అక్కయ్య నవ్వు నాక్కూడా వినిపించింది.

"తూచుకో తల్లీ, నీ ఇష్టం. చుట్టడం మాత్రం మొదటి కాయ నుంచీ నువ్వే. నా వేళ్ళు వంగడం లేదు, పక్కన కూర్చుని చెబుతాను."