చాచా నీడ

ఈ సంచిక కొరకు గత శీతకాలమున మేము సీతానగరం ఒడ్డున నిలిచి, ప్రకాశం బ్యారేజీ వెనుక కనబడునట్లు ఫోటో తీయించుకొన్నాము. తరువాత చూడగా, మా మిత్రుని శిరస్సు మీద విద్యుత్ స్తంభ మొకటి మొలిచినట్లు తోచినది! కంప్యూటరులో దానిని తుడిచివేయ బూనుకొన్నాము.

తుడుచుట సులభమే, ఆ ఖాళీని నింపుటయే కష్టము. 1957లో పూర్తియైన ఈ బ్యారేజీకి గల 70 గేట్లును సమానమైనవే. అయినను దూరమైనకొలది కంటికి చిన్నవిగా కనబడును. మేము దగ్గరి గేటును తెచ్చి దూరమున అతికించగా వంతెన వంగినట్లయినది. అంతట వంతెన పైఅంచు వెంట, క్రిందిఅంచు వెంట రెండు గీతలు గీచి చూచితిమి. అవి క్షితిజరేఖపై ఒక్క బిందువున కలిసినవి. ఆ గీతల నడుమ ఇమిడేటట్లు గేటును కుదించగా చిత్రము సహజమైనది. నీటి అలలను సైతము అంతే దూరమునుండి గ్రహించితిమి.

ఆ గర్వముతో, అంచున నిలిచిన వేరుసెనగకాయల వృద్ధుని గూడ తుడిచివేసితిమి. మరునాడు ఉర్దూ శాఖ మిత్రుడు చూచి, "చాచా ఏరీ? ఆయన నీడ ఇక్కడే ఉన్నదే!" అన్నాడు.

మేము తలలు వంచుకొన్నాము. మాకు చోటిచ్చుటకై తన గంపను ప్రక్కకు జరుపుకొన్నవారు ఆయనే.

నీడను గూడ తుడుచు నేర్పు మాకు కలదు. అయినను ఆయననే తిరిగి తెచ్చితిమి. స్తంభము లేకున్నను ఆ దినము ఆ దినమే. ఆయన లేనిచో అది మేము గడిపిన దినము కాదు. సంపాదకవర్గమువారు ఈ ఫోటో అంచును కత్తిరింపకుందురు గాక!