చెవితో నేర్చే అక్షరాలు

పిల్లలూ, నలభై ఏళ్ళ కిందట నేను కొత్తగా బడిపంతులునైన రోజుల్లో నల్లబల్ల మీద మోర్సు లిపి రాసి, మా తరగతి చేత బట్టీ పట్టించాను. చుక్క, గీత కలిస్తే ‘ఎ’. గీత, చుక్క కలిస్తే ‘ఎన్’. అందరూ గడగడా అప్పగించారు. నాకెంతో గర్వం కలిగింది.

ఆ సంతోషంతో వాళ్ళను తంతి ఆఫీసుకు తీసుకుపోయాను. అక్కడి ఉద్యోగి మా కుర్రవాడి పేరొకటి మీట మీద టకటకా కొట్టాడు. ఒక్కరికీ అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కాలేదు! ఆయన నవ్వి, “మాస్టారూ, దీనికి కళ్ళు పనికిరావు, చెవులు కావాలి,” అన్నాడు. పిల్లల ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

మన దేశంలో తంతి సేవ 2013 జులైలో ముగిసింది. ఆ మాట మాత్రం నా మనసులోంచి పోలేదు.

ఇప్పుడు హైదరాబాదులో, హైటెక్ సిటీ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. ఒకనాటి సాయంత్రం మా మనవరాలు ఫోను పట్టుకువచ్చి, “కళ్ళు మూసుకో తాతయ్యా, ఆట ఆడదాం,” అన్నది.

ఫోను “డా-డి-డా” అని కూసింది. అది ‘కె’. “డా-డా” అంటే ‘ఎమ్’. మొదట ఈ రెండే. విని, ఏ అక్షరమో చెప్పాలి. నూటికి తొంభై సరిగా చెబితేనే మూడో అక్షరం వస్తుంది. 1930లలో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చూపిన మార్గమిది.

ఇందులో కిటుకేమిటో తెలుసునా? ‘డా’ మూడు ‘డి’లంత పొడుగు. కాని ఈ ఆటలో శబ్దాలు మొదటినుంచీ వేగంగానే వస్తాయి. లెక్కపెట్టే వ్యవధి ఉండదు. అందువల్ల ప్రతి అక్షరమూ ఒక చిన్న రాగంలా చెవిలో నిలుస్తుంది. అమ్మ పిలిస్తే మీరు గొంతు వినగానే గుర్తుపడతారు గాని, అక్షరాలు కూడబలుక్కోరు గదా!

నేనేమో శబ్దం వినగానే మనసులో చుక్కలూ గీతలూ గీసుకునేవాణ్ణి. ఈలోగా తరవాతి అక్షరం వెళ్ళిపోయేది. వారం తిరిగేసరికి మనవరాలికి పది అక్షరాలు వచ్చాయి, నాకు మూడు! “ఆ నల్లబల్లను మరిచిపో తాతయ్యా,” అన్నదది.

ఈ కాలంలో ఇదెందుకంటారా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం అండమాన్‌లో ఉన్నది. టెలిఫోన్లు మూగపోయినా, భారతీ ప్రసాద్ గారూ ఆమె సహచరులూ రేడియో మీద బాధితుల క్షేమ సమాచారాలు అందించారు. అలాంటి రేడియోలో మాట వినపడనంత బలహీనమైన సంకేతం కూడా మోర్సు రూపంలో చెవికి అందుతుంది.

మీరూ ఆడి చూడండి. ఒకరు నోటితో “డి-డా” అని పలకండి, ఇంకొకరు కళ్ళు మూసుకుని వినండి. కాగితం మాత్రం దగ్గర పెట్టుకోకండి.

నాటి నా శిష్యులకు ఇప్పుడు యాభై ఏళ్ళుంటాయి. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతూంటే, ఒక్క మాట: నాయనలారా, ఆ పాఠం నేను తప్పుగా చెప్పాను. మీ పిల్లలతో కలిసి మళ్ళీ మొదలుపెట్టండి.