మూడు చుక్కల మధ్య

తెలుగు బ్లాగుల రోజుల్లో ఎవరైనా మన టపా గురించి రాశారని తెలియడానికి కూడలి ఉండేది. వీవెన్ కూడలి, ఆ తర్వాత జల్లెడ, హారం, మాలిక. బ్లాగుల ఫీడులు చదివి కొత్త టపాల్ని ఒకచోట పేర్చేవి. మనలో ఎక్కువమందివి బ్లాగ్‌స్పాట్ బ్లాగులు, వాటికి ట్రాక్‌బ్యాక్ లేదు. అందుకని సంకలినే మనకి టముకు. ఎవరిమీద ఎవరు రాసినా ఊరందరికీ వినబడేది. గొడవలు అంత రుచిగా ఉండేవంటే అందుకేనేమో!

వర్డ్‌ప్రెస్ వాళ్ళకి మాత్రం ఇంకో దారి ఉండేది. మీ టపాలో నా టపాకి లంకె ఇచ్చి ప్రచురించగానే, మీ బ్లాగు వచ్చి నా బ్లాగు తలుపు తడుతుంది. ఫలానా చిరునామాలో నీ టపాకి లంకె ఉంది అంటుంది. నా బ్లాగు ఊరికే నమ్మదు. వెళ్ళి చూసి, లంకె నిజంగానే ఉంటే దాని చుట్టూ ఉన్న నాలుగు ముక్కలు తెచ్చి నా వ్యాఖ్యల్లో పెడుతుంది. ముందు మూడు చుక్కలు, వెనక మూడు చుక్కలు. ఇది పింగ్‌బ్యాక్. 2002లో మూవబుల్ టైప్‌తో వచ్చిన ట్రాక్‌బ్యాక్‌కి ఈ వెళ్ళి చూసే అలవాటు లేదు, పంపినవాడు చెప్పిందే వేదం. స్పామర్లకి పండగ.

నౌపడ నుంచి గుణుపూర్ వెళ్ళే చిన్నబండి మీద నేనో టపా రాశాను. పర్లాకిమిడి రాజావారు వేయించిన, 1900లో మొదలైన నేరోగేజి లైను అది, 2004లో ఆగిపోయింది. దాని కింద ఒక పింగ్‌బ్యాక్ ఉంది: "...బండి దిగినోళ్ళ కాళ్ళకి ఉప్పుమళ్ళ బురద ఉండేది కాదు, మాకుండేది. అమ్మ ఆ కాళ్ళతోనే..."

రాసినాయన్ని నేనెప్పుడూ చూడలేదు. నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేసిన ఇంటి మనిషి. రైలు మీద నా ముచ్చటకి ఆయన మర్యాదగా పెట్టిన చురక ఆ టపా. ఉత్తరం రాయలేదు, వ్యాఖ్యా పెట్టలేదు. లంకె ఇచ్చారు, కబురు దానంతటదే వచ్చింది.

ఆ బ్లాగు ఇప్పుడు లేదు. సొంత డొమైను గడువు తీరితే ఇంకెవరో కొనుక్కున్నారు, నొక్కితే ఆన్‌లైన్ పేకాట తెరుచుకుంటోంది. మెయిలు వెనక్కొచ్చింది. వేబ్యాక్ మెషీన్‌లో మొదటి పేజీ దొరికింది గానీ ఈ టపా లేదు. వచ్చిన రోజే పూర్తిగా చదివాను నేను. ప్లాట్‌ఫాం గురించి ఆయన రాసింది గుర్తుంది. అమ్మ ఆ కాళ్ళతో ఏం చేసిందో గుర్తులేదు.

2014 మార్చిలో 1,62,000కు పైగా వర్డ్‌ప్రెస్ సైట్ల పింగ్‌బ్యాకుల్ని ఒకే సైటు మీదికి ఉసిగొల్పి దాన్ని పడగొట్టారు. ఆ తర్వాత చాలామంది ఈ సదుపాయాన్ని కట్టేశారు, నేనూ కట్టేశాను. వెబ్‌మెన్షన్ అని కొత్తది 2017లో ప్రమాణమైంది, మన బ్లాగుల్లో నాకెక్కడా తగల్లేదు. ఈలోగా మాట్లాడుకునేవాళ్ళంతా ఫేస్‌బుక్‌కి వెళ్ళిపోయారు. అక్కడ పేరు ట్యాగ్ చేస్తే గంట మోగుతుంది. పదేళ్ళ తర్వాత వెతికితే ఏ గోడ కింద వెతకాలో తెలీదు.

మొన్న విరిగిన లంకెలు ఏరే పనిముట్టొకటి ఆ పింగ్‌బ్యాక్‌ని తీసెయ్యమంది. పేకాట సైటుకి దారి చూపిస్తోంది కాబట్టి అది అన్నదీ సబబే. లంకె వరకు కత్తిరించాను. పేరు ఉంచాను. చుక్కలూ ఉంచాను.