గోపాల్‌పూర్ సరుగుడు తోటలో తొమ్మిది బుట్టలు

బరంపురం నుంచి గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు. మన వాళ్లలో ఆ సముద్రం చూడని ఇల్లు ఉండదు. పండక్కో, చుట్టాలు వస్తేనో వెళ్తాం, కాళ్లు తడుపుకుంటాం, వేయించిన చేప ముక్క తింటాం, వచ్చేస్తాం. మొన్న ఆదివారం మేం మాత్రం అక్కడ ఒక ఆట ఆడి వచ్చాం. ఆ సంగతి నలుగురికీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆట పేరు డిస్క్ గోల్ఫ్. గోల్ఫ్ అనగానే దొరల ఆట అనుకోకండి. ఇందులో కర్రా లేదు, బంతీ లేదు. పళ్లెం లాంటి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఉంటే చాలు. దాన్ని విసిరి దూరంగా ఉన్న బుట్టలో వెయ్యాలి. మొదటి విసురు ఎక్కడ పడితే అక్కడ నిలబడి రెండోది విసరాలి. ఎన్ని విసుర్లకు బుట్టలో పడిందో లెక్క పెట్టుకోవాలి. బుట్టలు తొమ్మిదో, పద్దెనిమిదో ఉంటాయి. అన్నీ అయ్యాక ఎవరి లెక్క తక్కువైతే వాళ్లే గెలిచినట్టు.

అమెరికాలో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఒక పబ్లిక్ పార్కులో దీనికి మొదటి పక్కా మైదానం పెట్టించాడు. బుట్ట మీద గొలుసులు వేలాడదీసే ఏర్పాటు కూడా ఆయనదే. బిళ్ల గొలుసులకు తగిలి, వేగం చచ్చి బుట్టలోకి జారుతుంది. అంతకుముందు చెట్టునో, స్తంభాన్నో గురిగా పెట్టుకుని ఆడేవారు.

మనకు గొలుసుల బుట్టలు ఎక్కడివి? మా అక్క కొడుకు ఈ ఆటను ఫోనులో చూసి నేర్చాడు. వాడే తొమ్మిది పాత వెదురు బుట్టలు తెచ్చి, మేకు కొట్టకుండా, కొబ్బరి తాడుతో సరుగుడు చెట్లకు నడుము ఎత్తున కట్టాడు. బజారులో మూడు బిళ్లలు కొన్నాం. మరో రెండు పెయింటు డబ్బా మూతలు.

ఆ తోటలో చాలా చెట్లు ఇంకా లేతవే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే కదా. ఆ గాలికి పాత చెట్లెన్నో కూలిపోయాయి. ఇటు ఒడ్డున పాత రేవు తాలూకు స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు ఈ రేవు నుంచే గంజాం మనుషులు, మన తెలుగువాళ్లు, ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి చేసేవారు. 1942లో జపాను వాళ్లు బర్మా మీదికి వస్తే ఎంతోమంది అడవులూ కొండలూ పట్టి నడిచి వచ్చారు. ఇప్పుడు మనవాళ్లు సూరత్ రైలెక్కుతున్నారు. ఊరు మారింది గానీ పని మిల్లు పనే.

మా నాన్న కూడా సూరత్‌లో పవర్‌లూమ్ షెడ్డులో ఇరవై రెండేళ్లు చేసి వచ్చాడు. ఆ చప్పుడుకి చెవులు పోయాయి. ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చోవడమే. పిల్లలు క్రికెట్ ఆడితే పిలిచినా వినపడదు, బంతి వస్తోందని అరిచినా వినపడదు. అందుకే ఏ ఆటలోనూ చేరడు.

ఆ రోజూ దూరంగానే కూర్చున్నాడు. ఈ ఆటలో అరుపులు లేవు. ఒకరు విసురుతుంటే మిగతా వాళ్లు నిలబడి చూడటమే. నాలుగో బుట్ట దగ్గర లేచొచ్చి, "ఏదీ, ఇలాగియ్యి" అని మనవడి చేతిలో బిళ్ల తీసుకున్నాడు. మేమంతా భుజం బలంతో విసిరి పక్క పొదల్లో పడేస్తున్నాం. ఆయన మణికట్టు ఒక్కటే కదిపాడు. రోజంతా నాడె తీసి కండె మార్చిన చెయ్యి కదా! బిళ్ల నేలకు సమంగా పోయి బుట్ట అంచుకి తగిలింది. రెండో విసురుకి లోపల పడింది. మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తరవాత తనూ ఆడింది.

మా తమ్ముడు బుధవారం సూరత్ వెళ్లాలి. ఆఖరి బుట్ట దగ్గర నాన్న వాణ్ణి పక్కకి పిలిచాడు. మెల్లగానే అంటున్నాననుకుని గట్టిగా అన్నాడు, తోటంతా వినపడేలా.

"ఒరే, సెవుల్లో ఏదో ఒకటి ఎట్టుకో. నాను ఎట్టుకోనేదు. పక్కోళ్లు నవ్వుతారని ఎట్టుకోనేదు."

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట ఎత్తడం అదే మొదలు. తమ్ముడు తల ఊపాడు. దూది చాలదు, మందుల షాపులో చెవి బిరడాలు దొరుకుతాయి. సోమవారం నేనే కొని వాడి సంచిలో పెట్టాను.

మీరూ ఆడాలనుకుంటే కొత్తలో బుట్టకి ముప్పై అడుగుల దూరం చాలు. వలలు ఆరేసిన చోట, జనం నడిచే దారిలో వద్దు. వచ్చేముందు తాళ్లు విప్పి, బిళ్లలు లెక్కపెట్టుకోండి. ఇటు రుషికుల్య మొగ దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం ఇది, ప్లాస్టిక్ వదిలిపెట్టకూడదు. ఆ రోజు మా బిళ్లలు ఐదూ లెక్కకొచ్చాయి. వాటిలో ఒకటి నాన్న బస్సులో ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు.