ఏ లైనులో తప్పో చెప్పండి

మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్స్ మూడో ఏడు. ఈ సెమిస్టర్‌లో కంపైలర్ డిజైన్ అని ఒక సబ్జెక్టు. మనం రాసిన ప్రోగ్రామును కంప్యూటరుకి అర్థమయ్యే భాషలోకి మార్చేదే కంపైలరట. ముందు మాటలు విడదీస్తుంది, వ్యాకరణం కుదిరిందో లేదో చూస్తుంది, ఆ తర్వాతే అనువాదం. ఎక్కడైనా తప్పుంటే ఊరికే కాదనదు, ఫలానా లైను చూసుకోమంటుంది.

మొదట్లో ఎంత సంబరమో దానికి! 1952లోనే గ్రేస్ హాపర్ అనే ఆవిడ తొలి కంపైలర్లలో ఒకటి తయారుచేశారనీ, ఫ్రాన్సెస్ అలెన్ అనే లెక్కల టీచరు చదువు అప్పు తీర్చుకోవడానికి 1957లో ఐబీఎంలో చేరి, కంపైలర్ల మీద చేసిన పనికే ట్యూరింగ్ అవార్డు అందుకున్న తొలి మహిళ అయ్యారనీ, నేను కూర తరుగుతుంటే పక్కన కూర్చుని చెప్పేది.

తర్వాత అసైన్‌మెంటు వచ్చింది. కూడికలు, హెచ్చవేతలు చదివి జవాబు చెప్పే చిన్న పార్సర్ సొంతంగా రాయాలి. పది రోజులు రాత్రి పన్నెండు దాకా కూర్చుని రాసింది. పదికి నాలుగొచ్చాయి. సీనియర్ల రికార్డు చూసి దించిన వాళ్ళకి తొమ్మిదట. కాగితం మీద ఆ 4 అంకె తప్ప ఇంకో అక్షరం లేదు.

"ఇంటర్నల్స్ 30 మార్కులేగా, యూనివర్సిటీ పరీక్షలో 70 ఉన్నాయి, లాగేయొచ్చులే" అన్నారు మావారు. అది మాత్రం, "నాకు కోడింగ్ రాదు నాన్నా, వేరే ఏదైనా చూసుకుంటా" అంది. నాకు గుండె కలుక్కుమంది. మార్కులు పోతే పోయాయి, పిల్ల తన మీద తనే నమ్మకం తీసేసుకుంటోంది.

ఈ బాధ మనకి తెలియంది కాదు కదండీ. "పులుసులో ఉప్పెక్కువైంది" అంటే రేపు తగ్గించి వేస్తాం. ఉత్తినే "వంట బాలేదు" అని కంచం ముందు నుంచి లేచిపోతే, బాలేనిది వంటా, మనమా అనిపిస్తుంది.

"మార్కులు పెంచమని అడగొద్దు తల్లీ. తప్పెక్కడుందో చూపించమని అడుగు" అన్నాను. రెండు రోజులు తటపటాయించి వెళ్ళింది. అన్ని కట్టలు దిద్దే మనిషికి ఒక్కొక్కరికీ రాసే తీరికెక్కడిది! కానీ అడిగితే మాత్రం ఆ సారు పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పారట.

తప్పు ఒకే ఒక్క నియమంలో ఉంది. లెక్క అంటే ఏమిటో చెప్పే నియమం మళ్ళీ 'లెక్క' అనే మాటతోనే మొదలైంది. మీ ఇల్లెక్కడంటే మా పక్కింటి పక్కన, ఆ పక్కిల్లెక్కడంటే మా ఇంటి పక్కన అన్నట్టు! ప్రోగ్రాం తనని తానే పిలుచుకుంటూ అక్కడే తిరుగుతోంది. దాన్ని లెఫ్ట్ రికర్షన్ అంటారట. నియమాన్ని అంకెతో మొదలయ్యేలా తిరగరాస్తే చాలు. రాసింది. 2+3*4 కొడితే సరిగ్గా 14 వచ్చింది.

మార్కులు నాలుగే, మారలేదు. వేరే ఏదో చూసుకుంటానన్న మాట మాత్రం మళ్ళీ దాని నోట రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ ఒకటే రూలు. బాలేదు అంటే సరిపోదు, ఏ లైనో చెప్పాలి. సాంబారు విషయంలో మావారికి కూడా!