పెట్టెలు తూచే కాటా

ఇండియా వెళ్ళే ముందు పెట్టెలు తూచుకునే చిన్న కాటా ఇక్కడ దాదాపు ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది. కొక్కేనికి పెట్టె తగిలించి పైకెత్తితే 50 పౌండ్లు దాటిందో లేదో చెప్పేస్తుంది. హెర్న్‌డన్‌లో మా ఇంటి కాటా చెత్తసంచీ తూచడానికి పనికొస్తుందని మాత్రం నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ దీపావళికి 25 మందిని పిలిచి 40 మందికి సరిపడా వంటలు తెప్పించాం. వచ్చినవాళ్ళకి వడ్డన చాలకపోతే పరువేం కాను? అందరూ వెళ్ళాక, ప్లేట్లలో వదిలేసినవీ, గంటల తరబడి బల్లమీదే ఉండిపోయిన బిర్యానీ, పెరుగన్నం అన్నీ నల్లసంచీలో పోసి మూతి కట్టాను. ఆ శనాదివారాలకి ఇంటికొచ్చిన మా అమ్మాయి గరాజ్‌లోంచి కాటా తెచ్చి సంచీ తగిలించింది.

"31 పౌండ్లు నాన్నా!"

నాకు చిర్రెత్తుకొచ్చింది. అన్నం గురించి ఈ పిల్లకి నేను చెప్పని నీతి లేదు. అన్నం పరబ్రహ్మ స్వరూపం అన్నాను. ఇండియాలో తిండిలేని పిల్లలున్నారన్నాను. "అయితే ఇది వాళ్ళకి పోస్టు చేసెయ్" అంది ఐదేళ్ళప్పుడే. ఇప్పుడు నాకే పాఠం చెబుతుందా అనుకున్నాను.

అది మాత్రం తన సంగతే చెప్పుకొచ్చింది. యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడు తనూ అంతేనట. డబ్బు ముందే కట్టేశాం కదా అని పిజ్జా, పాస్తా, కేకు అన్నీ పెట్టుకుని సగం వదిలేసేదట. వృథా చెయ్యొద్దని గోడమీద అంటించిన కాగితాలు చదివేది కాదట. రెండో ఏడు చేతిఖర్చులకని ఆ డైనింగ్ హాల్లోనే గిన్నెలు కడిగే గదిలో పనికి చేరింది. బెల్టు మీద ఒకదాని వెనక ఒకటి ప్లేట్లొస్తాయి. ఒక్క ముక్కా కొరకని ఆపిల్ పండుని తన చేత్తో పారెయ్యాలి.

"ఆ తర్వాత నా ప్లేట్లో వదల్లేకపోయాను నాన్నా."

ఇప్పుడు స్నేహితులతో కలిసి, ప్లేట్లలో మిగిలింది అందరి ఎదుటా తూచి, అంకె బోర్డు మీద రాస్తున్నారట. "ఎవర్నీ ఏమీ అనం. అంకె చూసి కొందరైనా తక్కువ పెట్టుకుంటారు. కావాలంటే మళ్ళీ వెళ్ళొచ్చుగా!"

ఈ దేశంలో ఆహారం 30 నుంచి 40 శాతం వృథా అవుతోందని వ్యవసాయ శాఖ అంచనా. అంత పెద్ద లెక్క ఏ విద్యార్థినీ కదిలించదు. తన ప్లేటు కదిలిస్తుంది. 2000ల చివర్లో చాలా కాలేజీలు ట్రేలు తీసేసింది అందుకే. చేతిలో ప్లేటొక్కటే ఉంటే పట్టినంతే పెట్టుకుంటారు. మాకు గంట దూరంలో ఉన్న కాలేజ్ పార్క్‌లో మేరీలాండ్ యూనివర్సిటీ విద్యార్థులు 2011లో ఫుడ్ రికవరీ నెట్‌వర్క్ మొదలుపెట్టారు. డైనింగ్ హాల్లో మిగిలిపోయిన మంచి పదార్థాలు ఆకలితో ఉన్నవాళ్ళకి చేరవేసే ఆ పని దేశంలో ఎన్నో కాలేజీలకి పాకింది. సదుద్దేశంతో ఇచ్చినవాళ్ళకి కోర్టు భయం లేకుండా 1996లోనే చట్టం వచ్చింది.

"అయితే నీతులు దండగంటావా?" అన్నాను.

"తాతయ్య నీకు నీతులు చెప్పేవారా?"

ఆలోచిస్తే, చెప్పలేదు. కోతలప్పుడు నన్ను పొలానికి తీసుకెళ్ళేవారు. పనలెత్తాక రాలిన కంకులు ఏరుకునే ముసలమ్మలుండేవాళ్ళు. పరిగె ఏరడం అనేవాళ్ళం. కంచంలో మెతుకులు వదలబోతే ఆ వంగిన నడుములు గుర్తొచ్చేవి. ఇక్కడ మా అమ్మాయికి బియ్యమంటే 20 పౌండ్ల బస్తా. దాని వెనక మనుషుల్ని నేను చూపించలేదు, మాటలు చెప్పానంతే. తనకి కావలసిన పొలం గిన్నెలు కడిగే గదిలో తనే వెతుక్కుంది.

మరుసటి దీపావళికి తలలు లెక్కపెట్టి తెప్పించాం. చిన్న ప్లేట్లు పెట్టాం. ఇంట్లో వడ్డించగా మిగిలినవి ఫుడ్ పాంట్రీలు సాధారణంగా తీసుకోవు కనుక, ఖాళీ డబ్బాలు బల్లమీద పెట్టి ఎవరికి కావలసింది వాళ్ళని పట్టుకెళ్ళమన్నాం. చివర్లో గుత్తివంకాయ అయిపోయింది. మా ఆవిడ మొహం చిన్నబోయింది కానీ, వచ్చినవాళ్ళు పప్పూ ఆవకాయతో హాయిగా తిన్నారు. పరువుకేమీ కాలేదు.

రాత్రి ఈసారి నేనే కాటా తెచ్చాను.

"6 పౌండ్లు!" అన్నాను గొప్పగా.

"ఇంకా 6 ఉన్నాయి నాన్నా" అంది.