లెన్స్ బాగు చేయించాలా, వద్దా?

బ్యాగు జిప్పు ఊడి 50 ఎంఎం లెన్స్ గచ్చు మీద పడింది. అద్దం పగల్లేదు, ముందు రింగు మాత్రం సొట్టపోయింది. పైకి బాగానే ఉంది కదా అని వదిలేస్తే కుదరదు. న్యూస్‌పేపర్ పేజీని గోడకు అతికించి, ట్రైపాడ్ మీద కెమెరాను సరిగ్గా ఎదురుగా పెట్టి ఎఫ్/1.8లో తీశాను. ఎడమవైపు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, కుడివైపువి అలికేసినట్టున్నాయి. లోపలి అద్దం పక్కకు జరిగిందన్నమాట. ఎఫ్/8లో తీస్తే ఆ తేడా దాదాపు కనిపించలేదు.

కోఠిలో రిపేరుకు రూ.4,500 అడిగారు. అదే లెన్స్ సెకండ్‌హ్యాండ్‌లో రూ.6,000కి దొరుకుతోంది. లెక్క ప్రకారం ఆలోచించాల్సిన పనే లేదు. కానీ ఇది నా మొదటి జీతంతో కొన్నది. ఇప్పుడు దండతో హాల్లో ఉన్న నాయనమ్మ నవ్వు ఫొటో దీంతో తీసిందే. అమ్మకు చెప్తే, "ఫొటో ఉందిగా... లెన్స్‌కి కూడా దండేస్తావేంట్రా?" అంది.

రిపేరు చేయించలేదు. పగటిపూట ఎఫ్/8లో కొండలూ చెరువులూ తీయడానికి పాతదే వాడుతున్నా. మనుషుల ఫొటోలకు సెకండ్‌హ్యాండ్‌ది తీసుకున్నా. డబ్బులిచ్చే ముందు దానికీ న్యూస్‌పేపర్ పరీక్ష పెట్టాను. మీరు కొనేటప్పుడూ అది మానకండి.